జీపీఎస్ నావిగేటర్‌తో పడవ ప్రయాణం – 3వ పాఠం: రూట్ కట్టడం, గీత తప్పకుండా నడపడం

గత పాఠంలో వేపాయింట్లు, అంటే దారిలో మనం చేరాల్సిన చోట్ల అక్షాంశ రేఖాంశాలు, సేవ్ చేశాం. వాటిని వరుసగా కలిపితే రూట్, రెండు పాయింట్ల మధ్య ముక్క లెగ్.

పాయింట్లు కొట్టే ముందు సెట్టింగ్స్‌లో పొజిషన్ ఫార్మాట్ చూడండి. 15 డిగ్రీల 30.50 నిమిషాలు అని రాసి ఉన్నదాన్ని 30 నిమిషాల 50 సెకన్లుగా కొడితే పాయింట్ 600 మీటర్లకు పైగా జరిగిపోతుంది, ఎందుకంటే 30.50 నిమిషాలంటే 30 నిమిషాల 30 సెకన్లే. అక్షాంశంలో ఒక నిమిషం ఒక నాటికల్ మైలు, అంటే 1852 మీటర్లు. డేటమ్ (స్థానాలను లెక్కగట్టే ఆధార పద్ధతి) కూడా చార్ట్ (సముద్ర పటం) మీద రాసినదే ఉండాలి, సాధారణంగా డబ్ల్యూజీఎస్ 84.

ఇక రూట్. మెనూలో కొత్త రూట్ తెరిచి పాయింట్లను వెళ్లే వరుసలో చేర్చండి. పాయింట్‌ను సరిగ్గా బోయా (నీటి మీద తేలే గుర్తు) మీద పెట్టకండి, పక్కన సురక్షితమైన వైపు పెట్టండి. గీత మీదే గురిపెట్టి నడిపితే బోయాను గుద్దుకునే ప్రమాదం ఉంది.

పాయింట్లన్నీ లోతు నీళ్లలోనే ఉన్నా, మధ్యలో గీత రాతి దిబ్బ మీదుగా పోవచ్చు. పరికరం తనంతట తాను గీసిన రూట్‌నైనా ఇలాగే అనుమానించాలి. జూమ్ తగ్గించి చూస్తే చిన్న రాళ్లు, కొన్ని లోతు అంకెలు తెర మీద కనిపించవు. అందుకే జూమ్ బాగా పెంచి, ప్రతి లెగ్‌నూ మొదటి నుంచి చివరిదాకా వేలితో జరుపుతూ చూడాలి. విసుగనిపించినా ఈ పని మానకండి. రూట్‌లో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే.

రూట్ మొదలుపెట్టాక చాలామంది తర్వాతి పాయింట్ బేరింగ్ (అది ఉన్న దిశ, డిగ్రీల్లో) చూసి పడవ ముక్కును అటే తిప్పి ఉంచుతారు. పక్క నుంచి ప్రవాహం తోస్తుంటే పడవ కొంచెం కొంచెంగా పక్కకు జరుగుతుంది, బేరింగ్ మారుతూ పోతుంది, మీరు ముక్కు తిప్పుతూనే ఉంటారు. చివరికి పాయింట్ చేరతారు, కానీ వంకర దారిలో. ఆ వంకర ఎక్కడి మీదుగా పోయిందో మీరు చార్ట్‌లో చూసుకోలేదు.

కాబట్టి చూడాల్సింది ఎక్స్‌టీఈ అంకె, అంటే గీతకు ఎంత పక్కకు జరిగామో చెప్పేది. అది పెరుగుతుంటే ప్రవాహానికి ఎదురుగా కొద్దికొద్దిగా ముక్కు తిప్పి, అంకె నిలకడగా ఉండే చోట పట్టుకోండి. 6 నాట్ల (గంటకు 6 నాటికల్ మైళ్ల) వేగంతో పోయే పడవను 2 నాట్ల ప్రవాహం అడ్డంగా తోస్తే దాదాపు 20 డిగ్రీలు తిప్పాలి. అప్పుడు గీత వెంట వేగం 5.7 నాట్లకు కాస్త తగ్గుతుంది.

బాగా పక్కకు పోయాక ‘రీస్టార్ట్’ నొక్కితే ఎక్స్‌టీఈ సున్నా అవుతుంది. అయితే పరికరం ఇప్పుడున్న చోటు నుంచి పాయింట్‌కు కొత్త గీత గీసింది. దాన్ని జూమ్ చేసి చూశాకే నడపండి, లేదా పాత గీతకే తిరిగి రండి.

అలారాలు రెండు. ఎక్స్‌టీఈ అలారం హద్దు, గీత నుంచి దగ్గరి ప్రమాదానికి ఉన్న దూరం కంటే తక్కువ ఉండాలి. అరైవల్ అలారం పాయింట్ చుట్టూ ఉన్న వృత్తంలోకి పడవ రాగానే మోగుతుంది. ఆ వృత్తం ఇరుకు కాలువలో పెద్దదిగా ఉంటే పరికరం ముందే తర్వాతి లెగ్‌కు మారి, మీరు మలుపు కోసుకుపోయేలా చేస్తుంది. అక్కడ 0.05 నాటికల్ మైలు, అంటే సుమారు 93 మీటర్లు కూడా ఎక్కువ కావచ్చు.

అభ్యాసం: మీకు తెలిసిన లోతైన నీళ్లలో మూడు పాయింట్ల రూట్ కట్టి, ప్రతి లెగ్ బేరింగ్, దూరం కాగితం మీద రాసుకుని నడపండి. తర్వాత అదే రూట్‌ను రివర్స్ చేసి తిరిగి రండి. ఎక్స్‌టీఈ ఏ వైపు పెరిగిందో రెండుసార్లూ రాసి ఉంచండి, 4వ పాఠంలో ఆ అంకెలతో పని ఉంది.