కట్టుడు పళ్ళను ఆరనివ్వకండి

పళ్ళ సెట్టు కొత్తగా పెట్టించుకున్నవాళ్ళు చాలామంది రాత్రి దాన్ని తీసి, కడిగి, తుడిచి, టిష్యూలో చుట్టి డబ్బాలో పెట్టేస్తారు. దయచేసి అలా చేయకండి. చిగుళ్ళ రంగులో ఉండే ఆ భాగం అక్రిలిక్ రెజిన్ అనే ఒక రకం ప్లాస్టిక్, పైకి గాజులా నున్నగా కనిపించినా నీళ్ళు పీల్చుకుంటుంది. నీటి అణువులు మెల్లగా లోపలికి దూరి రెజిన్‌లో గొలుసుల్లా ఉండే పొడవాటి అణువులను కాస్త ఎడం చేస్తాయి, దాంతో సెట్టు రవ్వంత ఉబ్బుతుంది, అది మంచికే, ఎందుకంటే ల్యాబ్‌లో తయారయ్యేటప్పుడు రెజిన్ ఎంతో కొంత ముడుచుకుంటుంది, ఆ తేడాలో కొంత ఇలా పూడుతుంది. నీటితో బరువు 1 శాతం పెరిగితే పొడవు దాదాపు 0.23 శాతం పెరుగుతుంది. ఆరబెడితే మళ్ళీ ముడుచుకుంటుంది. ఇలా తడవడం, ఆరడం పదేపదే జరిగితే ఆకారం మారి పట్టు వదులవుతుంది, వెలుతురులో పెట్టి చూస్తే వెంట్రుకంత సన్నని పగుళ్ళు కూడా కనిపించొచ్చు.

కాబట్టి రాత్రిపూట సెట్టు మొత్తం మునిగేలా గ్లాసుడు మామూలు చన్నీళ్ళలో వేయండి, నీళ్ళు రోజూ మార్చండి. మరిగే నీళ్ళు మాత్రం వద్దే వద్దు! క్రిములు చస్తాయని పోస్తారు గానీ, వేడికి రెజిన్ మెత్తబడి అంచులు వంకర పోతాయి, ఇక అది నోట్లో సరిగ్గా కూర్చోదు. బోరు నీళ్ళ వల్ల తెల్లటి పొర కడితే పేస్టుతో గట్టిగా రుద్దకండి, గీతలు పడి ఆ గీతల్లోనే మళ్ళీ పాచి చేరుతుంది. మెత్తటి బ్రష్, చేతులు కడుక్కునే లిక్విడ్ సోప్ చాలు. కడిగేటప్పుడు సింకులో కాసిన్ని నీళ్ళు నింపుకోండి, చేయి జారినా విరగదు.

ఇంకో ముఖ్యమైన విషయం, దీన్ని ఎవరూ సరిగ్గా చెప్పరు. క్యూరింగ్ (రెజిన్‌ను గట్టిపరచడం) తర్వాత కూడా అందులో కొంత మోనోమర్, అంటే గొలుసుల్లో కలవకుండా మిగిలిన ముడి రసాయనం, ఉండిపోతుంది, అది కొందరికి నోట్లో మంట పుట్టిస్తుంది. వేడితో క్యూర్ చేసిన దాంట్లో సాధారణంగా 0.2 నుంచి 0.5 శాతం ఉంటే, విరిగినప్పుడు అప్పటికప్పుడు అతికించే సెల్ఫ్ క్యూర్ (వేడి చేయకుండానే గట్టిపడే) రెజిన్‌లో 3 నుంచి 5 శాతం దాకా ఉంటుంది. నీళ్ళలో నానితే ఇందులో కొంత బయటికొస్తుంది. అందుకే కొత్త సెట్టయినా, రిపేరయినా ఒకటి రెండు రోజులు నీళ్ళలో ఉంచి ఇమ్మని డాక్టర్‌ని అడగండి, మొహమాటం వద్దు.

ఇప్పటికే ఆరిపోయిన సెట్టుంటే ఒక రోజంతా నానబెట్టి పెట్టుకోండి. అప్పటికీ ఊగుతుంటే ఇంట్లో అరగదీయకుండా డాక్టర్‌కి చూపించండి.