పైన లైటు లేని గదికి ఎలాంటి టేబుల్ ల్యాంప్ కొనాలి?

అమెరికాలో అద్దెకు దిగిన మొదటి రాత్రి పడగ్గదిలో స్విచ్ వేస్తే ఏమీ వెలగలేదు. తలెత్తి చూస్తే సీలింగ్‌కి అసలు లైటే లేదు. ఫోన్ టార్చ్ వెలుగులోనే పక్క వేసుకున్నాను. మీకూ అలా జరిగితే కంగారుపడకండి. ఇక్కడ చాలా అపార్ట్‌మెంట్లలో ఆ స్విచ్ గోడకున్న ఒక ప్లగ్ పాయింట్‌కి కలిపి ఉంటుంది. ఫోన్ చార్జర్ ఒక్కో పాయింట్‌లో పెట్టి స్విచ్ వేసి, తీసి చూస్తే అదేదో తెలిసిపోతుంది. ఆ పాయింట్ ల్యాంప్‌కి వదిలేయండి. ల్యాప్‌టాప్ చార్జర్ అక్కడ పెడితే, లైటు ఆపినప్పుడల్లా చార్జింగ్ కూడా ఆగిపోతుంది.

ఇంటి నుంచి స్టడీ ల్యాంప్ మోసుకురాకండి. మన దగ్గర 230 వోల్టులు, ఇక్కడ 120. మన పిన్నుల బల్బు ఇక్కడి మర హోల్డర్‌లో పట్టదు. యూఎస్‌బీతో నడిచేదైతే తెచ్చుకోవచ్చు.

చదువుకోవడానికి నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: స్ప్రింగులున్న పొడవాటి చెయ్యి, బల్లకు బిగించే క్లాంపు ఉన్న ల్యాంప్. 1930ల్లో జార్జ్ కార్వర్డైన్ అనే బ్రిటిష్ ఇంజనీర్ ఇలాంటి స్ప్రింగుల ల్యాంప్‌ని రూపొందించాడు. ఎక్కడికి లాగితే అక్కడే నిలబడుతుంది, బల్లమీద చోటు తినదు. గాజు బల్లకు మాత్రం క్లాంపు బిగించకండి. కుడిచేత్తో రాసేవాళ్లు ఎడమవైపు పెట్టుకుంటే చేతి నీడ కాగితంపై పడదు. షేడ్ అంచు కంటికంటే కిందికి ఉండాలి. బల్బు వెలుగు నేరుగా కంట్లో పడితే తలనొప్పి రావచ్చు.

రూమ్మేట్ త్వరగా పడుకుంటాడా? మెడ వంగే చిన్న ల్యాంప్ తీసుకోండి, వెలుగు పుస్తకం దాటదు. మానిటర్ మీద కూర్చునే సన్నని లైటు కోడింగ్ చేసేవాళ్లకు బాగుంటుంది. ఆకుపచ్చ గాజు షేడ్ ల్యాంప్ అందంగా ఉంటుంది కానీ ఎక్కువగా కదలదు, చదువుకు వద్దు. గదంతా వెలగాలంటే వెలుగును సీలింగ్‌ వైపు పంపే నిలువు ల్యాంప్ కొనండి, ఎల్‌ఈడీదే. హాలోజన్ బల్బు విపరీతంగా వేడెక్కుతుంది. చాలా యూనివర్సిటీ హాస్టళ్లలో దాన్ని రానివ్వరు.

బల్బు చాలాసార్లు విడిగా కొనాలి. డబ్బా మీద 2700కె (కెల్విన్, వెలుగు రంగును చెప్పే అంకె) అని ఉంటే పసుపు వెలుగు. ట్యూబ్‌లైట్ కింద పెరిగిన మన కళ్లకు అది మొదట్లో మసకగా అనిపిస్తుంది. చదువుకు ఇంకాస్త తెల్లగా ఉండే 4000కె, 800 ల్యూమెన్లు (వెలుగు ఎంతో చెప్పే కొలత) సరిపోతాయి. పడుకునే ముందు మాత్రం ఆ పసుపు వెలుగే హాయి.

జులై, ఆగస్టుల్లో ఇళ్లు ఖాళీ చేసేవాళ్లు ల్యాంపులు చౌకగా అమ్ముతారు, కొందరు వీధి పక్కన వదిలేసి పోతారు. లోహంతో చేసినదైతే వైరు పగల్లేదని చూసుకుని తీసుకోండి. గుడ్డ షేడ్ ఉన్నది వీధిలో నుంచి తెచ్చుకోకండి, నల్లుల భయం. షికాగో లాంటి ఊళ్లకు వచ్చినవాళ్లు నవంబరు దాకా ఆగకండి. అక్కడ డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకల్లా పొద్దు గుంకిపోతుంది.