పాత బండితో వానాకాలం: తొలకరికి ముందే చూసుకోవాల్సినవి

రోహిణి కార్తె వెళ్ళకముందే పాత బండిని బయటికి తీయండి. మృగశిర వచ్చి నాలుగు చినుకులు పడ్డాయంటే రాయగడలో చూసినా, గుణుపురంలో చూసినా, పర్లాకిమిడిలో చూసినా మెకానిక్కుల దగ్గర బళ్ళు బారులు తీరతాయి. అప్పుడు ఏ పనైనా హడావిడిగానే అవుతుంది. మన వైపు ఇళ్ళల్లో సీడీ 100లు, మొదట్లో వచ్చిన స్ప్లెండర్లు, ఆర్‌ఎక్స్ 100లు ఇంకా చాలానే ఉన్నాయి. స్ప్లెండర్ వచ్చింది 1994లో, ఆర్‌ఎక్స్ 100 తయారీ ఆగిపోయింది 1996లో. అంత వయసున్న బండిని షోరూం బండిలా చేయాలని డబ్బు పోయకండి. దాని లోపాల్లో వేటితో సర్దుకుపోవచ్చు, వేటితో ఒక్కరోజు కూడా సర్దుకోకూడదు అన్నది వాన పడకముందే తేల్చుకోండి.

సర్దుకుపోగలిగినవి చాలానే ఉన్నాయి. ఇంజిన్ కింద కాస్త ఆయిల్ చెమర్చడం, పొద్దున్నే చోక్ వేసి నాలుగు కిక్కులు కొట్టాల్సి రావడం, ట్యాపెట్ల చప్పుడు, పనిచేయని పెట్రోల్ మీటరు, చిరిగిన సీటు. ఆయిల్ కారే బండికి వారానికోసారి ఆయిల్ మట్టం చూసి తగ్గినంత పోస్తే చాలు, అది ఏళ్ళ తరబడి తిరుగుతుంది. కానీ బ్రేకులు, టైర్లు, యాక్సిలరేటర్ కేబుల్, చైను, లైట్లు, ఈ ఐదింట్లో లోపముంటే "తర్వాత చూద్దాంలే" అనే మాట వద్దు.

నెలల తరబడి మూలన ఉన్న బండైతే తీసీ తీయగానే కిక్కు కొట్టకండి. ముందు ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పి చూడండి. ఎలుకలు గూడు పెట్టి వైర్లు కొరికి ఉండొచ్చు, సైలెన్సర్ గొట్టంలో కందిరీగలు మట్టిగూడు కట్టి ఉండొచ్చు. తర్వాత ప్లగ్గు తీసి ఆ రంధ్రంలో నాలుగైదు చుక్కల ఇంజిన్ ఆయిల్ వేసి, కాసేపు వదిలేసి, కిక్ రాడ్‌ను చేత్తో మెల్లగా నొక్కండి. కదలకపోతే బలవంతం చేయకండి. పిస్టన్ పట్టేసి ఉంటుంది, అది మెకానిక్ చూడాల్సిన పని. కదిలితే ఇంజిన్ ఆయిల్ మార్చి, ప్లగ్గు శుభ్రం చేసి అప్పుడు స్టార్ట్ చేయండి. ఇదంతా ఆరుబయటే చేయండి. తలుపులు మూసిన గదిలో బండి స్టార్ట్ చేసి ఉంచితే కార్బన్ మోనాక్సైడ్ నిండిపోతుంది. దానికి వాసన ఉండదు కాబట్టి ప్రాణం మీదికి వచ్చేదాకా తెలియదు.

పెట్రోల్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్‌కు నీటిని పీల్చుకునే గుణం ఉంది. వానాకాలంలో ట్యాంకు మూత వాషర్ అరిగిపోయి నీళ్ళు లోపలికి దిగితే, ఒక హద్దు దాటాక ఆ నీరూ ఇథనాలూ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి ట్యాంకు అడుక్కి చేరతాయి. పెట్రోల్ కాక్ తీసుకునేది అడుగు నుంచే. బండి మామూలుగా స్టార్ట్ అయి, కొంత దూరం వెళ్ళి ఆగిపోవడానికి ఇదొక కారణం. పరీక్ష చాలా తేలిక. ట్యాంకు అడుగున ఉన్న పెట్రోల్‌ను ఒక గాజు సీసాలోకి పట్టి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొరలా కనిపించిందంటే నీళ్ళున్నట్టు. ఎర్రటి పొడి దిగిందంటే ట్యాంకు లోపల తుప్పు పట్టినట్టు. రెండింట్లో ఏది కనపడినా ట్యాంకు ఖాళీ చేసి కడిగించండి, కార్బొరేటర్ విప్పించి జెట్లు (పెట్రోల్ వచ్చే సన్నటి రంధ్రాలు) శుభ్రం చేయించండి. పెట్రోల్ పైపు గట్టిపడినా, ఉబ్బినా, వంచితే పగుళ్ళు కనిపించినా మార్చేయండి. దాని ఖరీదు ఎంతని?

ఈ పని చేసేటప్పుడు దగ్గర్లో దీపం, బీడీ, పొయ్యి ఏదీ ఉండకూడదు. స్పార్క్ వస్తోందో లేదో చూడటానికి ప్లగ్గును ఇంజిన్‌కు ఆనించి కిక్కు కొడతారు కదా, పెట్రోల్ పైపు విప్పి ఉన్నప్పుడు ఆ పని అసలు చేయకండి. ట్యాంకుకు చిల్లి పడితే వెల్డింగ్‌కు ఇవ్వడం మన దగ్గర మామూలే. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరే బాంబులా పేలుతుంది. ట్యాంకును పద్ధతిగా కడిగి ఆవిరి పూర్తిగా పోగొట్టే ఏర్పాటు లేని షాపులో వెల్డింగ్‌కు ఒప్పుకోకండి. వేరే ట్యాంకు వెతుక్కోవడమే మంచిది.

ఇక బ్రేకులు. డ్రమ్ము బ్రేకు నొక్కి పట్టి, డ్రమ్ము పక్కనుండే చిన్న ఆర్మ్‌ను గమనించండి. ఆర్మ్‌కూ రాడ్డుకూ మధ్య మూల దాదాపు లంబకోణంలో ఉండాలి. అది దాటి వంగుతోందంటే, లేదా బిగించే నట్టు చివరిదాకా వచ్చేసిందంటే లోపల డ్రమ్ముకు ఒరుసుకునే లైనర్ అయిపోయినట్టే. కొందరు ఇలాంటప్పుడు ఆర్మ్ ఊడదీసి ఒక పన్ను వెనక్కి జరిపి బిగించి ఇస్తారు. బ్రేకు బాగా పట్టినట్టే అనిపిస్తుంది కానీ లోపల లైనర్ అరిగే ఉంటుంది. దానికి ఒప్పుకోకండి, బ్రేక్ షూలు మార్చమనండి. షూలు మరీ పాతవైతే అతికించిన లైనర్ ఊడి వచ్చి చక్రం ఒక్కసారిగా పట్టేసే ప్రమాదం కూడా ఉంది. చక్రం విప్పినప్పుడు లోపలి దుమ్మును నోటితో గానీ గాలి పైపుతో గానీ ఊదనివ్వకండి. పాత లైనర్లలో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ వాడేవారు. తడిగుడ్డతో తుడిపించండి.

సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కి పొట్టంగి, కోరాపుట్ వైపు తిరిగేవాళ్ళు ఇంకో మాట వినాలి. దిగేటప్పుడు పెట్రోల్ మిగులుతుందని ఇంజిన్ ఆపి, న్యూట్రల్‌లో వదిలేయడం మానేయండి. బరువంతా బ్రేకుల మీదే పడి డ్రమ్ములు వేడెక్కి, కింది మలుపుల్లో బ్రేకు పట్టదు. ఎక్కిన గేరులోనే దిగండి. ఆర్‌ఎక్స్ 100 లాంటి టూ స్ట్రోక్ బండికి, గేరులో ఉన్నా వేగాన్ని ఆపే ఇంజిన్ పట్టు తక్కువ. పైగా యాక్సిలరేటర్ మూసేసి దిగుతుంటే దానికి అందే ఆయిల్ కూడా తగ్గిపోతుంది. మధ్యమధ్య కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చి వదులుతూ రండి.

యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి వదిలితే టక్కున వెనక్కి రావాలి. హ్యాండిల్ కుడికి, ఎడమకు పూర్తిగా తిప్పి పెట్టి కూడా చూడండి. నెమ్మదిగా వచ్చినా, మధ్యలో పట్టినా కేబుల్ మార్చాల్సిందే. చైను శుభ్రం చేసేటప్పుడు ఇంజిన్ ఆపి ఉండాలి. గేరులో వేసి చక్రం తిరుగుతుండగా చైనుకు గుడ్డ పెట్టి వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళున్నారు.

టైరు గాడులు బాగున్నాయి కదా అని నమ్మకండి. పక్కన చిన్న గడిలో నాలుగు అంకెలుంటాయి. 2316 అని ఉంటే 2016లో 23వ వారంలో తయారైనదని అర్థం. ఎక్కువ తిరగని బండి టైర్లు అరగవు, కానీ రబ్బరు గట్టిపడిపోతుంది. తడిరోడ్డు మీద జారేది ఆ గట్టి రబ్బరే. తొలి వానలకు రోడ్డు మీది ఆయిల్, దుమ్ము తేలి ఇంకా జారుతుంది. దానికి తోడు పొలాల నుంచి వచ్చే ట్రాక్టర్లు రోడ్డంతా బురద పరుస్తాయి.

చాలా పాత బళ్ళలో ఇంజిన్ వేగం తగ్గితే హెడ్‌లైట్ కూడా మసకబారుతుంది. వానలో మలుపు దగ్గర వేగం తగ్గించేసరికి దారి కనపడదు, కునేరు రోడ్డులో లోడు లారీలకు మీరూ కనపడరు. అందుకని వెనక మడ్‌గార్డుకు, పక్క డబ్బాలకు ఎర్రటి రిఫ్లెక్టర్ స్టిక్కర్లు వేయించండి. బ్రేక్ లైటు వెలుగుతోందా అని బయల్దేరే ముందు ఒకసారి చూసుకోండి.

గెడ్డలు పొంగి రోడ్డు మీద పారుతుంటే ఆగిపోండి. నీళ్ళ కింద రోడ్డు ఉందో కొట్టుకుపోయిందో పైనుంచి తెలియదు. పారే నీరు మోకాళ్ళ దాకా కూడా రానక్కర్లేదు, మనిషిని పడేస్తుంది. పొరపాటున ఇంజిన్ నీళ్ళల్లో మునిగితే కిక్కు కొట్టొద్దు. సిలిండర్‌లో నీళ్ళుంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ప్లగ్గు తీసి, మెల్లగా తిప్పి నీళ్ళు బయటికి పంపండి. ఆయిల్ పాలలా తెల్లబడి ఉంటే మార్చాకే స్టార్ట్ చేయండి. చక్రాలు తడిసి గట్టెక్కాక కాస్త దూరం బ్రేకును తేలిగ్గా నొక్కుతూ నడిపితే లైనర్లు ఆరతాయి.

కాగితాల మాట. బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళకు, ఆ తర్వాత ఐదేళ్ళకోసారి రెన్యూవల్ చేయించాలి. ఆంధ్రా నంబరు బండి చవగ్గా దొరికిందని కొని ఇటువైపు ఒడిశాలో 12 నెలలకు మించి తిప్పితే ఇక్కడి నంబరు తీసుకోవాలి, దానికి అక్కడి నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) కావాలి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ లేకుండా వానల్లో తిరగకండి. ఎవరికైనా తగిలితే పరిహారం మీ ఇంటి మీదే పడుతుంది.

ఘాట్ మధ్యలో షాపులు దొరకవు కాబట్టి సీటు కింద ఒక ప్లగ్గు, ప్లగ్గు పానా, ఒక ఫ్యూజు, కాస్త ఎమరీ పేపరు ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెట్టుకోండి. కొత్త క్లచ్ కేబుల్ ఒకటి కొని, ఉన్నదాని పక్కనే దారి పట్టించి టేపుతో కట్టేయండి. దారిలో పాతది తెగితే రెండు చివర్లు మార్చి తగిలిస్తే చాలు, చీకట్లో వానలో ట్యాంకు విప్పే పని ఉండదు.