సీల్ మార్చే ముందు బ్రీదర్ చూడండి

మా టెంట్ హౌస్ పికప్‌కి వెనక ఎడమ చక్రం దగ్గర ఆయిల్ కారుతోందని ఒకే ఏడాదిలో రెండుసార్లు సీల్, అంటే ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు, మార్పించాను. రెండోసారి మార్చాక నెల తిరగకముందే టైరు లోపలి వైపు మళ్లీ నల్లటి చార. ఈసారి మెకానిక్‌కి చెప్పకుండా నేనే గోనెసంచి పరుచుకుని బండి కిందకి దూరాను. వెనక చక్రాల మధ్య గేర్లుండే డబ్బా, అదే డిఫరెన్షియల్ హౌసింగ్, దాని మీద బొడిపె లాంటిది ఒకటి, మట్టీ గ్రీజూ కలిసి గట్టిపడిన ముద్దలో పూర్తిగా కూరుకుపోయి కనిపించింది. అదే బ్రీదర్. సీల్ తప్పేమీ లేదు పాపం.

బండి నడుస్తుంటే లోపలుండే క్రౌన్, పినియన్ అనే గేర్లు ఒరుసుకుని లోపలి ఆయిలూ గాలీ వేడెక్కుతాయి. ఉబ్బిన గాలి పోవడానికి దారి ఈ బ్రీదర్‌లోని చిన్న రంధ్రమే, అది మూసుకుంటే గాలి సీళ్లని తోసుకుంటూ ఆయిల్‌ని వెంటేసుకుని బయటికొస్తుంది, అక్కడి నుంచి నేరుగా బ్రేక్ డ్రమ్ములోకి. వానాకాలంలో దీనికి ఉల్టా జరుగుతుంది. వేడి మీదున్న హౌసింగ్‌ని హైదరాబాద్ మలక్‌పేట రైల్వే బ్రిడ్జి కింద నిలిచిన నీళ్లలో దించారనుకోండి, ఒక్కసారిగా చల్లబడి లోపలి గాలి కుంచించుకుపోతుంది, బయట ఏది దొరికితే అది లోపలికి లాక్కుంటుంది. దొరికేది నీళ్లే కదా.

అనుమానం ఉంటే ఓ ఇరవై కిలోమీటర్లు నడిపి వచ్చి బ్రీదర్‌ని పానాతో కొంచెం వదులు చేయండి. బుస్సుమని గాలి వచ్చిందంటే మూసుకుపోయినట్టే. మొహం మాత్రం పక్కకి పెట్టుకోండి, లోపలి ఆయిల్ వేడిగా ఉంటుంది. ఆ పరీక్ష అయ్యాక మిగతా పనంతా బండి చల్లారాకే. సమతలం మీద ఆపి ముందు చక్రాలకి రెండు వైపులా రాళ్లు పెట్టండి, జాకీ ఒక్కదాని నమ్మకం మీద ఎప్పుడూ కిందకి దూరకండి. అసలు చాలా పికప్‌లకి జాకీ ఎత్తకుండానే చెయ్యి అందుతుంది.

విప్పే ముందు వైర్ బ్రష్‌తో చుట్టూ గీకి, గుడ్డతో శుభ్రంగా తుడవండి. ఇది బద్ధకించి వదిలేస్తే విప్పగానే ఇసుకంతా రంధ్రంలోంచి క్రౌన్ మీద పడుతుంది, ఆ తర్వాత వచ్చే ఖర్చు ముందు సీల్ ఖర్చు ఏపాటిది. విప్పాక డీజిల్‌లో ఓ గంట నానబెట్టి, సన్నటి తీగతో పొడిచి, గాలి కొట్టి చూడండి. మీద టోపీ ఉన్న రకమైతే ఆ టోపీ ఆడాలి, బిగుసుకుపోయి ఉంటే దాన్ని బతికించే ప్రయత్నం మానేసి రాణిగంజ్ లాంటి స్పేర్ పార్టుల బజారుకి వెళ్లి కొత్తది తెచ్చుకోండి. పాతది చేతిలో పట్టుకెళ్లండి, త్రెడ్ సైజు కళ్లతో చెబితే తప్పు వస్తుంది. తుప్పు పట్టి విరిగిపోతే, సగం ముక్క లోపలే ఉండిపోతే డ్రిల్ పెట్టే తొందర వద్దు, ఇనుప పొడి లోపల పడుతుంది. లేత్ షాపు వాళ్ల దగ్గర విరిగిన ముక్కని తిప్పి బయటికి తీసే ఈజీ అవుట్ ఉంటుంది, వాళ్లకి వదిలేయండి.

నేనైతే పాతదాని చోట పైపు తగిలించే నిపిల్ వేశాను. దానికి డీజిల్ పైపు క్లిప్పుతో బిగించి, ఛాసిస్ వెంట పైకి తీసుకెళ్లి, బాడీ కింద వీలైనంత ఎత్తులో కట్టాను. చివరని కిందకి వంచి, బైకులకి వేసే చిన్న ప్లాస్టిక్ పెట్రోల్ ఫిల్టర్ తగిలిస్తే దుమ్ము కూడా లోపలికి పోదు. పైపు సైలెన్సర్‌కి దూరంగా ఉండాలి, మధ్యలో ఎక్కడా వేలాడి గుంట పడకూడదు, అక్కడ నీళ్లు చేరితే మళ్లీ మూసుకున్నట్టే. ఇంకొకటి, లోడు దిగినప్పుడు, గతుకులో పడ్డప్పుడు యాక్సిల్ పైకీ కిందకీ బాగా ఆడుతుంది, అందుకని కొంచెం వదులు ఇవ్వండి. నేను మొదటిసారి టైట్‌గా కట్టాను, వారానికే ఊడొచ్చింది.

ఆయిల్ కూడా చూడాలి. ఆయిల్ పోసే రంధ్రానికుండే ఫిల్లర్ ప్లగ్ తీసి వేలు పెడితే రంధ్రం అంచు దాకా తగలాలి. పాల టీ రంగులో ఉంటే నీళ్లు కలిసినట్టు, మొత్తం దించేసి కంపెనీ పుస్తకంలో రాసిన గ్రేడ్ పోయండి. దించే ముందే ఫిల్లర్ ప్లగ్ వస్తుందో లేదో చూసుకోండి, ఆయిల్ అంతా దించేశాక పైది బిగుసుకుపోయిందని తెలిస్తే బండి అక్కడే నిలబడిపోతుంది. బ్రేక్ లైనర్లు ఆయిల్ తాగి ఉంటే పెట్రోల్‌తో కడిగి వాడేద్దామని కొందరంటారు. వద్దు, వేడెక్కితే ఆయిల్ మళ్లీ పైకి తేలుతుంది, బ్రేక్ ఒక వైపుకి లాగుతుంది. రెండు వైపులా మార్చేయండి. ఇప్పటికే ఆయిల్ కారుతున్న సీల్ కూడా ఈసారి మార్చాల్సిందే, ఒకసారి సీల్ లోపలి రబ్బరు అంచు అరిగాక బ్రీదర్ బాగుచేసినా అది ఆగదు.

వాటర్ సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు మాత్రం కుర్రాడితో ఒక మాట చెప్పండి, ఆ ఫిల్టర్ మీద ప్రెషర్ గన్ పెట్టొద్దని.