వరి మడిలో తడి–పొడి పద్ధతి: రైతుకు నేర్పవలసిన తీరు

వానలు అదను తప్పుతున్న కాలంలో వరి రైతుకు తోడ్పడదలచినవారు ముందుగా నేర్పవలసింది మడిలో నీటిని కొలవడం. మడి ఎండితే పంట దెబ్బతింటుందన్న రైతు భయం నిరాధారమైనది కాదు. అయితే పైన నీరు కనిపించనంత మాత్రాన వేళ్లకు తడి అందడం లేదని అనుకోనక్కరలేదు. మడిలో ఎప్పుడూ నీరు నిలపకుండా, కొంత ఆరనిచ్చి మళ్లీ నీరు పెట్టడమే అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రచారంలోకి తెచ్చిన తడి–పొడి పద్ధతి. ఇది ఈ తేడాను కంటికి చూపిస్తుంది.

ఇందుకు సుమారు 30 సెంటీమీటర్ల పొడవు, 10 నుంచి 15 సెంటీమీటర్ల వ్యాసం గల ప్లాస్టిక్ గొట్టం చాలు. వెదురు బొంగైనా సరిపోతుంది. కింది సగానికి చుట్టూ చిల్లులు పెట్టి, గట్టుకు దగ్గరగా, మడిలో ఎత్తూ పల్లమూ కాని చోట ఆ సగం నేలలోకి దిగేలా పాతి, లోపలి మట్టిని పూర్తిగా తీసివేయాలి. నీరు పెట్టిన తరువాత గొట్టం లోపలా బయటా మట్టం ఒకేలా లేకపోతే చిల్లులు పూడుకున్నట్టే.

నాటిన తరువాత రెండు వారాలు నీరు నిలిపి ఉంచితే కలుపు అదుపులో ఉంటుంది. ఆ తరువాత మడిని ఆరనిచ్చి, గొట్టంలో నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్ల లోతుకు దిగినప్పుడు మళ్లీ నేలపై 5 సెంటీమీటర్ల ఎత్తున నిలిచేలా నీరు పెట్టాలి. ఇది ఒక నేలలో రెండు రోజులకే, మరొక నేలలో వారం దాటాక జరగవచ్చు కనుక రోజులు లెక్కపెట్టి తడులు ఇవ్వడం పనికిరాదు. యూరియాను తడి ఇవ్వబోయే ముందు, ఆరిన నేలపై చల్లడం మేలు. పూతకు వారం ముందు నుంచి వారం తరువాత వరకు మాత్రం మడి ఆరకూడదు. ఆ దశలో నీటి ఎద్దడి తగిలినా, ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటినా తాలు గింజలు పెరుగుతాయి.

ఈ పద్ధతితో సాగునీరు 30 శాతం వరకు ఆదా కావచ్చు, మడి నుంచి వెలువడే, భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు కూడా తగ్గుతుంది. కానీ మీథేన్ మాటతో రైతు దగ్గర సంభాషణ మొదలుపెట్టడం తెలివైన పని కాదని నా అభిప్రాయం, ఎందుకంటే అతని ఖర్చులో అది ఎక్కడా కనిపించదు. మోటారు నడిపేవారికి డీజిల్ లెక్క వెంటనే అర్థమవుతుంది. ఎకరానికింత అని నీటి పన్ను కట్టేవారికి ఆ లాభమూ ఉండదు.

నీరు ఇట్టే ఇంకిపోయే ఇసుక నేలల్లోనూ, చౌడు నేలల్లోనూ ఈ పద్ధతిని ప్రోత్సహించకూడదు. కాలువ వంతు ఎప్పుడు వస్తుందో తెలియని చోట ఒంటరి రైతును మడి ఆరబెట్టమనడం అన్యాయం. ఒకే పిల్లకాలువ కింద ఉన్నవారంతా కలిసి వంతులు ఖాయం చేసుకున్నాకే మొదలుపెట్టాలి. ముంపు బెడద ఉన్న పల్లపు పొలాలకు దీనికంటే స్వర్ణ సబ్–1 వంటి, దాదాపు రెండు వారాల మునకను తట్టుకునే రకాలే ఎక్కువ ఉపయోగం.

మొదటి పంటకాలంలో ఒక్క మడికే పరిమితమై, పక్క మడిని పాత పద్ధతిలోనే ఉంచి, రెండింటి ధాన్యాన్నీ రైతు చేతనే విడివిడిగా తూకం వేయించాలి.