వదిలేసిన పెంపుడు కుక్కను కాపాడటం ఎలా? నల్లగొండలో మేం చేసే పద్ధతి

మా షెల్టర్‌కు వచ్చే ఫోన్లు చాలావరకు ఒకే మాటతో మొదలవుతాయి. "అన్నా, మా గల్లీల ఒక కుక్క పడి ఉన్నది, వచ్చి తీస్కపోతరా?" మేం అడిగేదీ ఒకటే. "మీరిప్పుడు దాని దగ్గర్నే ఉన్నరా?" కొందరు అక్కడికే ఫోన్ పెట్టేస్తారు. ఉన్నామన్న వాళ్లతో సగం పని అయిపోతుంది. నల్లగొండ శివారులో రేకుల షెడ్డు వేసుకుని ఇరవై ముప్పై కుక్కల్ని సాకే మాలాంటి వాళ్లకు అంబులెన్స్ ఉండదు, జీతగాళ్లుండరు. ఉద్యోగాలు చేసుకునేవాళ్లు, కాలేజీ పిల్లలు వంతులేసుకుని పొద్దునొకరు, రాత్రొకరు వెళ్లొస్తుంటాం. కాబట్టి మేం వచ్చేలోపు మీరేం చేయొచ్చో, మా దగ్గరికి వచ్చాక ఏం జరుగుతుందో, మేం చేసే వరుసలోనే చెబుతాను.

ముందు చూడండి, తర్వాతే చెయ్యి వేయండి

కనీసం పది నిమిషాలు దూరంగా నిలబడి చూడాలి. ఆ కుక్క తప్పిపోయి వచ్చిందా, ఎవరైనా వదిలేసి పోయారా, లేక ఆ వీధిదేనా? ఈ మూడింటికీ చేయాల్సిన పని వేరు వేరు.

వీధి కుక్కకు తన ఇలాకా తెలుసు. చాయ్ హోటల్ ముందు పడుకుంటుంది, బండి వస్తే లేస్తుంది, రోడ్డు దాటేటప్పుడు రెండు వైపులా చూస్తుంది. చెవి కొన వి ఆకారంలో కత్తిరించి ఉంటే దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, రేబిస్ టీకా అయినట్టు లెక్క. దెబ్బ తగలకపోతే, జబ్బు లేకపోతే దాన్ని ఎక్కడికీ తీసుకుపోనక్కర్లేదు.

వదిలేసిన కుక్కకు ఇవేవీ తెలియవు. ఒకసారి నార్కట్‌పల్లి దగ్గర హైవే దాబా వాళ్లు ఫోన్ చేశారు. వెళ్లి చూస్తే లాబ్రడార్, ఐదారేళ్ల ఆడది. మెడ మీద బెల్టు ఒరుసుకున్న చోట వెంట్రుకలు లేవు. తెల్ల కారు ఏది ఆగినా లేచి వెళ్లి వెనక డోర్ దగ్గర నిలబడుతోంది. డోర్ తెరుచుకుంటే తోక ఊపుతోంది, దిగింది కొత్తవాళ్లని తెలిశాక మళ్లీ వచ్చి అదే స్తంభం కింద కూర్చుంటోంది. మూడు రోజుల నుంచి ఇదే తంతని దాబా వంటాయన చెప్పాడు. తినమని రొట్టె వేసినా ముట్టలేదట. పెంపుడు కుక్క ఆనవాళ్లు ఇవే: మెడ మీద గుర్తు, పెరిగిన గోళ్లు, వదిలేసిన చోటు నుంచి కదలకపోవడం, మనిషి చేతిని చూసి బెదరకపోవడం.

తప్పిపోయిన కుక్క అలా ఒక చోట కూర్చోదు, భయంతో పరుగెడుతూనే ఉంటుంది. దాని వెంటపడకండి. ఫొటో తీసి కాలనీ వాట్సాప్ గ్రూపుల్లో పెట్టండి, దగ్గర్లోని పాన్ డబ్బాలో, కిరాణా కొట్లో చెప్పండి. పాపం, ఓనరు కూడా అప్పటికే ఆ గల్లీలన్నీ తిరుగుతుంటాడు. "నాదే" అని ఎవరైనా వస్తే పాత ఫొటో చూపించమనండి. మంచి జాతి కుక్క కనబడితే లేని ఓనర్లు నలుగురు పుట్టుకొస్తారు.

కుక్కపిల్లలు కనిపిస్తే వెంటనే డబ్బాలో పెట్టుకుని తేవొద్దు. తల్లి తిండికోసం వెళ్లి ఉంటుంది. రెండు మూడు గంటలు మరుగున ఉండి చూడండి. మా దగ్గరికి "అనాథ పిల్లలు" అని వచ్చేవాటిలో కొన్నింటికి తల్లి ఉంటుంది, పాలు గడ్డకట్టిన రొమ్ములతో వీధంతా వెతుక్కుంటూ.

పట్టుకోవడం

కంగారుపడితే కరిపించుకుంటారు. ఎదురుగా నిలబడి కళ్లలోకి చూడకండి. పక్కకు తిరిగి కింద కూర్చోండి. ఉడికించిన గుడ్డు, లేదా చికెన్ సెంటర్లో పది రూపాయలకు అడిగితే ఇచ్చే కార్జం ముక్కలు కొంచెం కొంచెంగా దగ్గరికి వేస్తూ రావాలి. అది మీ దగ్గర తిన్నాకే మెడకు జారుముడి తాడు వేయండి. ఒక్కోసారి దీనికే గంట పడుతుంది. మాకైతే ఒక పామరేనియన్ కోసం మూడు సాయంత్రాలు పట్టింది.

దెబ్బ తగిలిన కుక్క ఎంత మంచిదైనా నొప్పికి కరుస్తుంది. చున్నీతోనో పొడుగాటి గుడ్డతోనో మూతి కట్టాలి. ముక్కు మీదుగా ఒక చుట్టు చుట్టి, దవడ కింద ముడేసి, రెండు కొసలూ చెవుల వెనక్కి తెచ్చి, లాగితే ఊడిపోయేలా ముడి వేయాలి. వాంతి చేసుకుంటున్న కుక్కకు, పగ్ లాంటి చట్టిముక్కు కుక్కకు ఇలా కట్టకూడదు. ఎండాకాలంలో మిగతావాటికి కూడా దవాఖాన చేరేదాకా అలాగే ఉంచొద్దు. కుక్క చెమట పట్టి చల్లబడదు, నోరు తెరిచి రొప్పితేనే దాని ఒంట్లో వేడి దిగుతుంది.

వెనక కాళ్లు ఈడుస్తుంటే వెన్ను దెబ్బ అనుకోవాలి. ఎత్తుకోవద్దు. ప్లైవుడ్ చెక్క, పాత ఫ్లెక్సీ, దుప్పటి, ఏది దొరికితే దాని మీదికి మెల్లగా జరిపి ఇద్దరు పట్టుకోండి. పిల్లిని తువ్వాలులో చుట్టి మూత ఉన్న బుట్టలో పెట్టడమే మార్గం. ఆటోలో ఒళ్లో కూర్చోబెట్టుకుంటానంటే రెండో మలుపు దాకా కూడా ఆగదు.

కరిస్తే

ఇక్కడ మాత్రం బేరాల్లేవు. పంపు కింద గాయం పెట్టి సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. గడియారం చూసి 15 నిమిషాలు. కారం, సున్నం, పసుపు, కాఫీ పొడి ఏదీ పెట్టొద్దు. పసరు మందు ఇచ్చే ఆయన దగ్గరికి అసలే వద్దు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు ఉండదు. అంతకు ముందే పూర్తిగా టీకా పడితే దాదాపు రాదు. ప్రభుత్వ దవాఖానలో చర్మంలోకి ఇచ్చే పద్ధతైతే 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. కండకు వేసే పద్ధతైతే 14వ రోజు కూడా ఉంటుంది. రక్తం వచ్చేలా కరిస్తే టీకాతో పాటు గాయం దగ్గర ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా పడాలి, టీకా పని మొదలుపెట్టేలోపు వైరస్‌ను అడ్డుకునే మందది, దాన్ని మీరే గుర్తుచేసి అడగండి. "చిన్న కుక్కపిల్లే కదా, పళ్లు కూడా సరిగ్గా రాలేదు" అని వదిలేయొద్దు. మా దగ్గర పని చేయడానికి వచ్చేవాళ్లకు ముందే మూడు డోసులు వేయించుకోమని చెబుతాం, వేయించుకోకపోతే గేటు లోపలికి రానివ్వం.

దవాఖానకు చేరేలోపు చేయకూడనివి

మనుషుల మాత్రలు ఇవ్వొద్దు. పారాసిటమాల్ పిల్లి ప్రాణం తీస్తుంది. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో పుండ్లు చేసి కిడ్నీలు పాడుచేస్తాయి. గజ్జి కుక్కకు మెకానిక్ షాపు నుంచి తెచ్చిన పాత ఇంజిన్ ఆయిల్ పూయడం మన దగ్గర పుణ్యకార్యంలా నడుస్తోంది. అది చర్మం గుండా లోపలికి పోతుంది, నాకితే కడుపులోకి పోతుంది. గజ్జికి మంచి మందులున్నాయి, డాక్టర్ బరువు చూసి ఇస్తే నెల రెండు నెలల్లో వెంట్రుకలు కూడా వస్తాయి.

మే నెలలో మా ఫోన్లలో ఎక్కువ వడదెబ్బవే. ఐసు నీళ్లు పోయకండి. నీడకు చేర్చి మామూలు నీళ్లతో పొట్ట, చంకలు, పాదాలు తడుపుతూ గాలి తగిలేలా చూడండి. తాగితే తాగనివ్వండి, నోట్లో పోయొద్దు.

జిల్లా పశువుల దవాఖానలో కుక్కల్ని కూడా చూస్తారు. కాకపోతే బర్రెలు, మేకలు, గొర్ల మధ్య లైన్లో నిలబడాలి. ఊళ్లలో ఉంటే 1962 నంబరుకు ఫోన్ చేసి అడగండి. 2017లో రాష్ట్రంలో మొదలైన ఆ సంచార వైద్య వాహనాలు ప్రధానంగా పాడి పశువుల కోసమే.

షెల్టర్‌లో మొదటి 14 రోజులు

కొత్తగా వచ్చిన దేన్నయినా మిగతావాటితో కలపకుండా 14 రోజులు విడిగా ఉంచుతాం. ఈ నియమం మేం ఊరికే పెట్టుకోలేదు. మొదటి ఏడాది వానాకాలంలో ఒక సంచిలో వచ్చిన నాలుగు కుక్కపిల్లల్ని, జాగా లేదని, అప్పటికే ఉన్న ఐదు పిల్లల పక్కనే ఉంచాం. మూడో రోజు ఒకటి తిండి మానేసింది. ఆ రాత్రి వాంతులు, తెల్లారేసరికి రక్తం కలిసిన విరేచనాలు. ఒకసారి చూస్తే ఆ వాసన మర్చిపోరు. పార్వో, కుక్కపిల్లల పేగులకు పట్టే వైరస్ జబ్బు. తొమ్మిదింటిలో రెండు మిగిలాయి.

పార్వో వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది. ఫినాయిల్‌తో చావదు. మేమైతే అప్పటిదాకా రోజూ ఫినాయిల్ పోసి కడిగి, శుభ్రంగా ఉందనుకున్నాం. ముందు మురికంతా సబ్బుతో కడిగేసి, తర్వాత 30 వంతుల నీళ్లకు ఒక వంతు బ్లీచ్ ద్రావణం కలిపి పోసి, పది నిమిషాలు తడిగా ఉంచాలి. మట్టి నేలను అలా కడగలేం కాబట్టి విడి గదికి చందాలేసుకుని బండలు పరిపించాం. ఆ గదికి చెప్పులు వేరు, చీపురు వేరు, గిన్నెలు వేరు. పెద్ద కుక్కలకు తిండి పెట్టడం అయ్యాక చివర్లో అక్కడికి వెళ్తాం, తిరిగి బయటి గదుల్లోకి రాం.

మీ ఇంట్లోనే ఉంచుకుంటున్నా ఇదే లెక్క. బాత్రూమో మేడమీద గదో సరిపోతుంది. ఇంట్లో టీకాలు వేయని కుక్క ఉంటే ఆ 14 రోజులు రెండూ ఒకదాని ముఖం ఒకటి చూడకూడదు. కుక్కపిల్లలకు 6 నుంచి 8 వారాల వయసులో మొదటి టీకా, ఆపైన మూడు నాలుగు వారాలకొకటి 16 వారాల దాకా. రేబిస్ టీకా మూడు నెలలకు.

కళ్లు తెరవని పిల్లలకు ముందు వెచ్చదనం, తర్వాతే పాలు. చల్లబడిన ఒంటికి పాలు అరగవు. వేడినీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెట్టండి. పాలపొడి వాటికోసం దొరికేదే వాడండి, బర్రె పాలకు విరేచనాలు పడతాయి. పసిపాపలా వెల్లకిలా పడుకోబెట్టి పట్టొద్దు, పొట్ట కింద ఉండాలి, లేకపోతే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ప్రతి రెండు మూడు గంటలకు, రాత్రి కూడా. పట్టిన ప్రతిసారీ తడి దూదితో కింద తుడిస్తేనే మూత్రం పోస్తాయి.

పెద్దవాటి తిండికి మా లెక్క సులువు: అన్నం, చికెన్ మెడలు, గుమ్మడికాయ కలిపి ఉడికించి బొక్కలు ఏరేయడం. ఉడికిన బొక్క విరిగి పేగుల్లో గుచ్చుకుంటుంది. తొట్టిలో కృష్ణా నీళ్లే పోస్తాం. మనం వద్దనుకున్న ఫ్లోరైడ్ బోరు నీళ్లు వాటికెందుకు?

వీధి కుక్కైతే వీధికే

దెబ్బ మానిన వీధి కుక్కకు ఆపరేషన్, టీకా చేయించి దొరికిన చోటే వదలాలని 2023 జంతు జనన నియంత్రణ నియమాలు చెబుతున్నాయి. బడులు, దవాఖానలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లో పట్టుకున్నవాటిని మాత్రం మళ్లీ అక్కడ వదలొద్దని 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆదేశించింది. మిగతావాటిని దొరికిన చోటే ఎందుకంటే, కొత్త చోట వదిలితే అక్కడి కుక్కలు బతకనివ్వవు.

కాలనీవాళ్లు "మళ్లీ తెచ్చిండ్రా?" అని మీద పడతారు. గొడవకు దిగకండి. పిల్లల్ని కుక్క కరిచిన అనుభవం ఉన్న తల్లికి కోపం ఉంటుంది, తప్పేముంది? కత్తిరించిన చెవి చూపించండి, టీకా కార్డు చూపించండి. కోపం ఎక్కడిదాకా పోతుందో మన దగ్గరే చూశాం. 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా అడ్డాకల్ మండలం పొన్నకల్‌లో 20 దాకా కుక్కల్ని తుపాకీతో కాల్చి చంపారు. చంపినా, విషం పెట్టినా భారతీయ న్యాయ సంహిత 325 కింద ఐదేళ్ల దాకా జైలు. పెంచుకుని వదిలేసినవాడికి మాత్రం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం మొదటి తప్పుకు వేసే జరిమానా 10 నుంచి 50 రూపాయలు, అంటే రెండు చాయ్‌లూ ఒక సమోసా.

ఇల్లు వెతకడం

అడిగినవాళ్లకల్లా ఇచ్చేయం. ఇల్లు సొంతమా అద్దెదా, ఓనరు ఒప్పుకున్నాడా, పండక్కి ఊరెళ్తే ఎవరు చూస్తారు అని అడుగుతాం. అన్నింటికన్నా ముఖ్యంగా ఇంట్లో వంట చేసేవాళ్లతో మాట్లాడతాం. అబ్బాయి మోజుతో తీసుకెళ్లిన కుక్క వారంలో తిరిగొస్తే ఆ ఇంటి అమ్మను మేం అడగలేదన్నమాట. ఎనిమిది వారాలు నిండని పిల్లను ఇవ్వం. పొలం కాపలాకు, గొలుసుతో కట్టేసి ఉంచడానికి అంటే కూడా ఇవ్వం.

ఇచ్చిన మర్నాడే ఫోన్ వస్తుంది. "అన్నా, ఇది ఏం తింటలేదు, మంచం కిందికెల్లి బయటికే వస్తలేదు, వాపస్ తెచ్చియ్యాల్నా?" వద్దు. మంచం కిందే ఉండనివ్వండి. గిన్నె దగ్గరగా పెట్టి లైటు తీసేసి మీరు పడుకోండి. చుట్టాల్ని పిలిచి చూపించకండి, మొదటి మూడు రోజులు స్నానం కూడా వద్దు. నీళ్లు తాగుతూ ఉంటే చాలు. చాలావరకు రెండో రాత్రి, అందరూ నిద్రపోయాక, గిన్నె నేల మీద జరిగిన చప్పుడు వినిపిస్తుంది. లేచి చూడకండి.