బార్లో లెన్స్ పెట్టేముందు: నెల్లూరు, ఒంగోలు తీరంలో ఆకాశం చూసేవాళ్లకు జాగ్రత్తలు

సంక్రాంతి నాటికి ఈశాన్య రుతుపవనాల వానలు వెనకబడి, మన వైపు ఆకాశం తెరిపిస్తుంది. టెలిస్కోపులు అటకమీంచి దిగేదీ అప్పుడే. చంద్రుడి గుంతలు ఇంకా పెద్దగా చూడాలని బార్లో బిగించేముందు ఒక లెక్క వేసుకోండి.

బార్లో అంటే ఐపీస్‌కు (మనం కన్ను పెట్టి చూసే చిన్న కటకానికి) ముందు కూర్చునే పుటాకార కటకం. టెలిస్కోపు నాభ్యంతరాన్ని, అంటే అద్దం లేదా కటకం నుంచి వెలుగు ఒకచోట కూడేదాకా ఉండే దూరాన్ని, రెండు మూడింతలు చేస్తుంది. దాన్ని ఐపీస్ నాభ్యంతరంతో భాగిస్తే ఎన్ని రెట్లో తెలుస్తుంది. 114 మి.మీ. అద్దం, 900 మి.మీ. నాభ్యంతరం ఉన్న న్యూటోనియన్‌లో (అద్దంతో వెలుగును పోగుచేసే టెలిస్కోపులో) 10 మి.మీ. ఐపీస్‌తో 90 రెట్లు కనిపిస్తే, 2 రెట్ల బార్లోతో 180 వస్తుంది. అద్దం వ్యాసం మి.మీ.లలో ఎంతో దానికి రెట్టింపు, అంటే ఇక్కడ 228, దాటితే దండగే. 70 మి.మీ. టెలిస్కోపు పెట్టెమీద 525 రెట్లు అని వేస్తారు: 700 మి.మీ. నాభ్యంతరం, 4 మి.మీ. ఐపీస్, 3 రెట్ల బార్లో. దాని హద్దు 140. రెండింతలు పెంచితే అదే వెలుగు నాలుగింతల వైశాల్యంలో పరుచుకుంటుంది కాబట్టి మసకబారుతుంది. లెన్సును తిట్టి లాభం లేదు.

గాలి నిలకడ లేకపోతే ఆ 140 కూడా అందదు. పగలంతా కాగిన మిద్దె రాత్రి తొమ్మిది దాకా వేడి వదులుతూనే ఉంటుంది. మట్టి నేల మేలు. నడినెత్తిన నక్షత్రాలు కూడా మిణుకుమంటుంటే ఆ రాత్రికి బార్లో పెట్టెలోనే ఉండనివ్వండి. టెలిస్కోపును అరగంట, ముప్పావుగంట ముందే బయట పెట్టాలి. ఏసీ గదిలోంచి తెస్తే మాత్రం మూతలు వెంటనే తీయకండి: తేమ గాలి చల్లటి గాజుకు తగిలి పొగపడుతుంది. దాన్ని తుడవొద్దు, ఆరనివ్వండి. బార్లోను, ఐపీస్‌ను జేబులో ఉంచుకుంటే ఒంటి వెచ్చదనానికి మంచు పట్టదు.

మొదట బార్లో లేకుండా 25 మి.మీ. ఐపీస్‌తో గ్రహాన్ని సరిగ్గా మధ్యకు తెచ్చి, ఫైండర్ (గురి చూసుకునే చిన్న దుర్భిణి) కూడా సరిచూసుకోండి. 180 రెట్ల దగ్గర 50 డిగ్రీల ఐపీస్‌లో గురుగ్రహం ఈ కొస నుంచి ఆ కొసకు సుమారు 67 సెకన్లలో జారిపోతుంది. మధ్యలో లేని గ్రహాన్ని వెతకడానికి ఆ వ్యవధి చాలదు. అద్దాల అమరికలో చిన్న తేడా కూడా ఇక్కడే బయటపడుతుంది.

కటక టెలిస్కోపులో మూలమలుపు అద్దానికీ (వెలుగును ఐపీస్ వైపు పక్కకు తిప్పే డయాగనల్‌కూ) ఐపీస్‌కూ మధ్యే బార్లో పెట్టాలి. దానికి ముందు పెడితే దూరం పెరిగి 2 రెట్లది ఇంచుమించు 3 రెట్లు అవుతుంది. పొడుగు గొట్టం బార్లో అయితే లోపలి అద్దానికి తగిలి గీత పడొచ్చు. లోతు పుల్లతో కొలిచి, గొట్టంమీద గుర్తు పెట్టాకే దింపండి. మరలు రెండూ బిగించాలి. బరువు పెరిగి గొట్టం కిందికి వాలితే తూకం మళ్లీ సరిచేయాలి.

మైపాడు, కొత్తపట్నం ఇసుకలో అయితే గాలికి వీపు పెట్టి ఐపీస్ మార్చండి. ఇసుకరేణువు పడితే రబ్బరు బుడ్డితో ఊదాలి. గుడ్డతో రుద్దితే పూత గీసుకుపోతుంది. ఇంటికొచ్చాక తడి పూర్తిగా ఆరాకే సిలికా జెల్ పొట్లంతో గాలి చొరని డబ్బాలో పెట్టండి. తీరపు ఉక్కలో బూజు గాజుమీద వేళ్లు పట్టిందంటే మచ్చ పోదు.

సూర్యుడి వైపు తిప్పేటప్పుడు సూర్యకాంతి వడపోత (సోలార్ ఫిల్టర్) టెలిస్కోపు ముందు మూతి మొత్తాన్ని కప్పాలి. ఐపీస్‌కు బిగించే నల్ల గాజు వేడికి పగులుతుంది. పగిలిన క్షణంలో కన్ను అక్కడే ఉంటుంది.